42 నంబరుకు వీడ్కోలు

2013 సెప్టెంబర్ 26న, యాంకీ స్టేడియంలో, న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టులో 42 నంబరు జెర్సీ వేసుకునే పిచర్ (బంతి విసిరే ఆటగాడు) మరియానో రివేరా చివరిసారిగా నలుగురు బ్యాటర్లను అవుట్ చేశాక, అతణ్ణి వెనక్కి పిలవడానికి మేనేజరుకు బదులుగా పాత సహచరులు డెరెక్ జీటర్, ఆండీ పెటిట్ నడిచి రావడం, పెటిట్ భుజంపై తల వాల్చి అతడు ఏడవడం టీవీలో చూస్తూ నేనూ కళ్ళు తుడుచుకున్నాను. పనామాలోని జాలరి కుటుంబం నుంచి వచ్చిన ఈ మనిషి, చివరి క్షణంలో పక్కకు కోసుకుపోయే కట్టర్ అనే బంతినే ప్రధానంగా నమ్ముకుని 652 సేవ్‌లు (ఆట చివర్లో వచ్చి జట్టు ఆధిక్యాన్ని కాపాడటం) సాధించాడు. ఏ బంతి వస్తుందో తెలిసినా చాలామందికి దాన్ని కొట్టడం చేతకాలేదు. 2001 వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ పోరు) ఏడో ఆట మాత్రం (నాకు ఇప్పటికీ మింగుడుపడదు) చేజారింది. 2012లో మోకాలి గాయంతో అతని ఆట ముగిసిందనుకున్నాను, కానీ 43 ఏళ్ళ వయసులో తిరిగి వచ్చాడు. బుల్‌పెన్ (పిచర్లు సిద్ధమయ్యే చోటు) తలుపు తెరుచుకోగానే గెలుపు ఖాయమనుకుని టీవీ కట్టేసి పడుకునే ధైర్యం నాకు ఆ తర్వాత లేకుండా పోయింది.