బయానా నుంచి రిజిస్ట్రేషన్ దాకా: మధురవాడలో ఫ్లాటు కొన్న అనుభవం

విశాఖపట్నం మధురవాడలో మేము చూసిన పాత ఫ్లాటు ధర 60 లక్షల రూపాయలకు కుదిరి బయానా ఇచ్చిన తరువాత, ఇల్లు ఇక మాదేనన్న ధీమా ఇంట్లో అందరికీ కలిగింది. అయితే 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 54వ సెక్షన్ ప్రకారం అమ్మకపు ఒప్పందం వల్ల ఆస్తిపై ఏ హక్కూ రాదు. రిజిస్టరైన విక్రయ దస్తావేజుతోనే హక్కు చేతులు మారుతుంది. ఒప్పందానికీ రిజిస్ట్రేషన్‌కూ మధ్య ఎవరు ఏ కాగితం ఎప్పటిలోగా ఇవ్వాలో, ఇవ్వకపోతే బయానా ఏమవుతుందో ఒప్పందపత్రంలోనే రాయించాలని మా న్యాయవాది పట్టుబట్టింది అందుకే. రుణం మంజూరు కాకపోతే బయానా తిరిగి ఇవ్వాలన్న షరతుకు అమ్మకందారు మొదట ఒప్పుకోలేదు. "ఇక్కడ అలా ఎవరూ రాయించుకోరండీ" అని మధ్యవర్తి కూడా ఆయన పక్షమే వహించారు. చివరకు గడువు కొంత తగ్గించి, షరతును మాత్రం నిలుపుకున్నాము.

న్యాయవాది అన్నిటికన్నా ముందు సర్వే నంబరును 22-ఎ జాబితాలో సరిచూశారు. రిజిస్ట్రేషన్ చట్టంలోని ఆ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ నిషేధించిన ప్రభుత్వ, దేవాదాయ భూముల వివరాలు అందులో ఉంటాయి. సింహాచలం దేవస్థానం పంచగ్రామాల భూవివాదం తెలిసిన విశాఖ వాసులకు దాని ప్రాముఖ్యం విడమరచి చెప్పనక్కరలేదు. లింకు దస్తావేజులు (ఆస్తి అంతకుముందు చేతులు మారిన పత్రాలు), విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఆమోదించిన ప్లాను, నివాసానికి అనుమతినిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, స్థలంలో ఫ్లాటుకు వచ్చే అవిభక్త వాటా గజాల లెక్క ఆ తరువాత చూశారు. ఇవే కాగితాలను మాకు రుణమిచ్చే బ్యాంకు ప్యానెల్ న్యాయవాది మళ్లీ మొదటి నుంచి పరిశీలించారు, ఆ రుసుమూ మేమే చెల్లించాము.

అసలు చిక్కు, ఆస్తిపై నమోదైన లావాదేవీలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ)లో బయటపడింది. అమ్మకందారు తన గృహరుణం కోసం టైటిల్ డీడ్లను ఒక బ్యాంకులో తనఖాగా డిపాజిట్ చేసినట్లు అందులో నమోదై ఉంది. బాకీ తీర్చేందుకు మేము ఇచ్చే సొమ్మును ఆయన చేతికి కాక, ఆయన రుణఖాతా పేరిటే చెక్కు రాసి ఇచ్చాము. ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణం కనుక ముందే తీర్చినందుకు ఆయనకు జరిమానా పడలేదు. రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా బ్యాంకు అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలని, తన కారణంగా ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. ఆ నిబంధనను ఉటంకిస్తూ అమ్మకందారు చేత లేఖ రాయించిన తరువాతే ఆ బ్యాంకు శాఖలో కదలిక వచ్చింది. దస్తావేజులు చేతికి వచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు. పాత తనఖా విడుదలైనట్లు రిజిస్టరై, అది కొత్త ఈసీలో కనిపించాలి.

ఈలోగా ఆషాఢం వచ్చింది. ఆ నెలలో రిజిస్ట్రేషన్ వద్దని అమ్మకందారు తల్లిగారు అన్నారు. పెద్దావిడ మాట కాదనలేకపోయినా, రుణం మంజూరు లేఖకు గడువు ఉంటుందన్న సంగతి మాత్రం వారికి మర్యాదగా గుర్తు చేయవలసి వచ్చింది.

డబ్బు లెక్క ముందే వేసుకోవడం అవసరం. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉన్న గృహరుణం ఆస్తి విలువలో 80 శాతానికి మించకూడదు, ఆ విలువలో రిజిస్ట్రేషన్ ఖర్చులను కలపరు. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదలాయింపు సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, వెరసి నాలుగున్నర లక్షలు మా చేతి నుంచే పెట్టాము. ధర 50 లక్షలకు తక్కువ కాదు కనుక బయానాతో సహా ప్రతి చెల్లింపులోనూ ఒక శాతం టీడీఎస్ (అమ్మకందారు తరఫున ముందే మినహాయించే ఆదాయపు పన్ను) పట్టుకుని, 26క్యూబీ ఫారంతో జమ చేశాము. యజమాని అమెరికాలో ఉంటే, విశాఖలో అలాంటి ఇళ్లు తక్కువేమీ కాదు, ఈ ఒక శాతం లెక్క వర్తించదు. టీడీఎస్ చాలా ఎక్కువగా ఉంటుంది.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఫొటోలు, వేలిముద్రలు, సాక్షుల సంతకాలు అనుకున్నంత సేపు పట్టలేదు. మా బ్యాంకు ప్రతినిధి మిగిలిన రుణం సొమ్ముకు చెక్కు అక్కడే అందజేశారు. అపార్టుమెంటు సంఘం బకాయిలు, కరెంటు బిల్లు, ఇంటి పన్ను తీరినట్లు రసీదులు చూపేవరకు కొంత సొమ్ము ఆపుకునేలా ఒప్పందంలో రాయించాము కనుక, ఆ మొత్తాన్ని తాళాలు తీసుకున్న రోజున ఆయనకు చెల్లించాము.