బందరు కృష్ణాపత్రిక

జిల్లా పట్టణాల్లో పుట్టిన పత్రికలు చాలావరకు పెట్టినవారి ఉత్సాహం ఉన్నన్నాళ్లు నడిచి, చందాలు వసూలు కాక మూతపడ్డాయి. మచిలీపట్నంలో మొదలైన కృష్ణాపత్రికకు ఆ గతి పట్టకపోవడానికి ముఖ్య కారణం, ఒకే మనిషి ముప్పై ఎనిమిదేళ్లపాటు దాన్ని విడవకుండా అంటిపెట్టుకుని ఉండటమేనని నా అభిప్రాయం.

1902 ఫిబ్రవరి 2న కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు గార్లు దీనిని పక్షపత్రికగా ప్రారంభించారు. అప్పటికింకా గుంటూరు జిల్లా విడిపోలేదు. కలెక్టరు కచేరీ, కోర్టులు, నోబుల్ కళాశాల అన్నీ బందరులోనే ఉండేవి. రేవు వ్యాపారం క్షీణించినా, వకీళ్లకూ ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ కొదవలేని ఊరు కాబట్టి, పత్రికకు రాసేవాళ్లూ చదివేవాళ్లూ ఆ నాలుగు వీధుల్లోనే దొరికారు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడిన తరువాత వెంకటప్పయ్య గారు అక్కడికి మకాం మార్చారు. 1907లో సంపాదకత్వం ముట్నూరి కృష్ణారావు గారి చేతికి వచ్చింది.

దివిసీమకు చెందిన ముట్నూరి, నోబుల్ కళాశాలలో రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి శిష్యుడు. వందేమాతరం ఉద్యమకాలంలో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించినప్పుడు ఆయన వెంట తిరిగినవారిలో ఈయన ముఖ్యుడు. కోపల్లె హనుమంతరావు, పట్టాభి సీతారామయ్య గార్లతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపనకు పూనుకున్నదీ, పత్రికలో ప్రత్యేకాంధ్ర రాష్ట్రవాదాన్ని బలపరిచినదీ ఈయనే. అయితే ఈ ఘనకార్యాల జాబితా కంటే ఆయన సంపాదకీయాలే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటాయి. 1914లో ఆంధ్రపత్రిక మద్రాసు నుంచి దినపత్రికగా రావడం మొదలయ్యాక, వార్తల వేగంలో, అప్పటికి వారపత్రికగా మారిన కృష్ణాపత్రిక దానితో పోటీపడే ప్రసక్తే లేదు. అందుకేనేమో, ముట్నూరి వార్తను వదిలి వార్త వెనుక ఉన్న భావాన్ని పట్టుకున్నారు. రాజకీయం మీద మొదలుపెట్టిన వ్యాసం ఉపనిషత్తుల దాకా వెళ్లి, మళ్లీ తీరికగా రాజకీయంలోకి దిగివస్తుంది. ఆ సంస్కృత సమాసాల బరువు నేటి పాఠకుణ్ణి కొంత అలసటకు గురిచేస్తుందన్న మాట మాత్రం దాచనక్కరలేదు.

సాయంత్రాలు పత్రిక కార్యాలయంలో జరిగే గోష్ఠికి ‘దర్బారు’ అని పేరు. కవులు, చిత్రకారులు, ఊరి పెద్దలు, పనీపాటా లేని కుర్రాళ్లు కూడా అక్కడ చేరేవారు. పత్రిక కూడా అలాగే అందరికీ చోటిచ్చింది: రావూరు సత్యనారాయణరావు గారి ‘వడగళ్లు’ అనే హాస్యశీర్షిక వచ్చిందీ, తరువాతి కాలంలో పౌరాణిక చిత్రాల దర్శకుడిగా పేరుపొందిన కమలాకర కామేశ్వరరావు గారు ‘సినీఫాన్’ పేరుతో సినిమా సమీక్షలు రాసిందీ ఇందులోనే. వేదాంత ధోరణిలో సాగే సంపాదకీయం ఉన్న పత్రికలోనే సినిమా సమీక్షకు కూడా గౌరవం దక్కడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

1945లో ముట్నూరి కన్నుమూశారు. పత్రిక ఆ తరువాత కూడా చాలాకాలం వెలువడింది కానీ, కృష్ణాపత్రిక అనగానే ఎవరికైనా స్ఫురించేది ఆయన పేరే. ఆయన వ్యాసాలు పుస్తకాలుగా వచ్చాయి. జిల్లా వార్తలకూ, పాఠకుల ఉత్తరాలకూ, వ్యాపార ప్రకటనలకూ ఆ అదృష్టం పట్టలేదు. బందరు చరిత్ర రాయదలచినవారు పాత సంచికల్లో ముందుగా తిరగేయవలసినవి ఆ పేజీలే.