కనిపిస్తోందా?

అరోరా, అంటే ఉత్తర ధ్రువం వైపు రాత్రి ఆకాశంలో వెలిగే రంగుల కాంతి, చూద్దామని వెళ్ళాం. నార్వే ఉత్తరాన ట్రోమ్సోలో మొదటి రాత్రి పదిన్నరకి మావారు నన్ను మేం దిగిన చోటి వెనకున్న మంచు గుట్ట మీదికి నడిపించుకెళ్ళి, ఆకాశంలోకి వేలు పెట్టి "కనిపిస్తోందా?" అన్నారు. నాకు కనిపించింది ఒక మబ్బు చార. పాలిపోయి, చీపురుతో ఒకసారి గీసి వదిలేసినట్టుంది. "ఆఁ, కనిపిస్తోంది" అన్నాను. లేదంటే ఇంకో అరగంట ఆ చలిలో నిలబెడతారని భయం.

ఈ అబద్ధం నాకు కొత్త కాదు. పెళ్ళిలో పంతులుగారు పట్టపగలు మమ్మల్ని పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి, అరుంధతి అంటూ ఎండలోకి చూపించి ఇదే ప్రశ్న వేస్తే ఇదే జవాబు చెప్పాను. పక్కన ఆయనా చెప్పారు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురం ఆ జంట అబద్ధంతోనే మొదలైంది.

మావారు ఫోన్ తీసి, చేయి కదలకుండా పట్టుకుని, మూడు సెకన్ల ఫోటో తీశారు. ఫోటోలో ఆ మబ్బు చార లేత పచ్చగా ఉంది. మళ్ళీ తలెత్తి చూశాను. బూడిద రంగే. మళ్ళీ ఫోన్ చూశాను. పచ్చ. మసక వెలుతుర్లో మన కంటికి రంగు తెలియదు, రంగు పట్టే కణాలకి ఆ కాస్త వెలుగు చాలదు. కెమెరాకి ఆ ఇబ్బంది లేదు, తలుపు తెరిచిపెట్టుకుని వచ్చిన వెలుగునంతా పోగేసుకుంటుంది. అంటే నేను చూసింది అరోరానే. చూస్తున్నానని తెలియకుండా చూశాను. అబద్ధమని చెప్పింది కాస్తా నిజమై కూర్చుంది.

ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. బయట కనిపించే ఫోటోలన్నీ ఆకుపచ్చ పట్టుచీర ఆరేసినట్టుంటాయి. అవి చూసి వెళ్ళినవాళ్ళు మొదటి రాత్రి నాలాగే మబ్బనుకుని గదికొచ్చి పడుకుంటారు.

ఈ పిచ్చి ఆయనకి 2024 మేలో పట్టింది. ఆ నెల 10వ తేదీ రాత్రి వచ్చిన పెద్ద సౌర తుఫానుకి లద్దాఖ్‌లోని హాన్లేలో కూడా ఆకాశం ఎర్రబడింది. ఆ ఫోటో చూసిన రోజు నుంచి మొదలు. హాన్లేలో ఎరుపే ఎందుకు కనిపించిందో నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్క లేదు. అరోరాలో పచ్చ రంగు 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో ఉండే ఆక్సిజన్‌ది. 200 దాటాక పైన గాలి పలచబడిన చోట అదే ఆక్సిజన్ ఎర్రగా వెలుగుతుంది. అంత దక్షిణం నుంచి చూస్తే పచ్చ భాగం నేల వంపు కింద దాగిపోయి తెర పై అంచు మాత్రమే కనిపిస్తుంది. "మనం తెర కింది నుంచి చూడాలి" అని తీర్మానించారు. అలా 2025 మార్చిలో తొమ్మిది రోజులు, అద్దె కారు, మూడు దేశాలు. మార్చి ఎందుకంటే, పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల చుట్టూ భూమి అయస్కాంత అలజడి ఎక్కువగా ఉంటుంది. పైగా రోడ్డు కనిపించేంత పగలూ ఉంటుంది.

మావారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. అంకె ఉంటే నమ్ముతారు, లేకపోతే లేదు. అరోరాకీ ఒక అంకె ఉంది. పేరు కేపీ, భూమి అయస్కాంత అలజడికి కొలత, సున్నా నుంచి తొమ్మిది దాకా. రెండో రాత్రి ఆ అంకె ఐదుకి చేరింది. మావారు మంచం మీద కూర్చుని ఫోన్‌లో "ఐదు! ఐదు!" అంటున్నారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. దూది పింజల్లాంటి మంచు, పైన మందంగా కప్పేసిన మబ్బు. "ఖాతాలో లక్షలున్నాయి, బ్యాంకుకి సెలవు" అన్నాను. ఆయన నవ్వలేదు.

అసలు ట్రోమ్సోలో కేపీతో పెద్ద పని లేదు. ఆ ఊరు 69 డిగ్రీల ఉత్తర అక్షాంశం పైన, ధ్రువం చుట్టూ అరోరా వెలిగే వలయానికి దాదాపు సరిగ్గా కింద ఉంటుంది. ఒకటో రెండో ఉన్నా చాలు. అంకె ఎంత పెద్దదైతే ఆ వలయం అంత దక్షిణానికి జారుతుంది, కాబట్టి దాని అవసరం కిందున్నవాళ్ళకి. పైనున్నవాళ్ళకి కావలసింది మబ్బులో చిల్లు. మేం ఛేజ్ చేస్తున్నది అరోరాని కాదు, ఆ చిల్లుని. ఇది నాకు రెండో రాత్రే అర్థమైంది. ఆయనకి నాలుగు రోజులు పట్టింది.

మూడో రోజు పొద్దున మబ్బుల మ్యాప్ నా చేతిలోకి తీసుకున్నాను. కుడి పక్కన నడిపే దేశంలో కొన్నేళ్ళు ఉద్యోగం చేసినదాన్ని కాబట్టి స్టీరింగ్ ఎలాగూ నాదే. సముద్రం మీది తడిగాలి వచ్చి తీరంలో కొండలకి కొట్టుకుని, తెచ్చిందంతా అక్కడే కురిసేస్తుంది. కొండ దాటి లోపలికి వెళ్తే గాలి పొడి, ఆకాశం తెరిపి. లింగెన్ పర్వతాల వెనకున్న స్కీబోట్న్ లోయకి ఆ పేరు బాగా ఉంది, అక్కడ నక్షత్రాల్ని గమనించే అబ్జర్వేటరీ కూడా కట్టుకున్నారు. అదీ దాటి ఫిన్లాండ్‌లోకి ఎక్కితే కిల్పిస్‌యార్వి. ట్రోమ్సో నుంచి ఈ-8 రోడ్డు మీద సుమారు 160 కిలోమీటర్లు.

ట్రోమ్సో ఒక ద్వీపం. ఊరి కింద సొరంగాలున్నాయి, ఆ సొరంగాల లోపల రౌండ్‌అబౌట్లు కూడా ఉన్నాయి. జీపీఎస్ సిగ్నల్ లేని చోట, నేల కింద, ఏ దారిలో బయటికి పోవాలో తెలియక ఒకే సర్కిల్ రెండుసార్లు తిరిగాను. మావారు మాట్లాడకుండా సీటు బెల్టు పట్టుకుని కూర్చున్నారు. తర్వాత అంతా బాగుంది. టైర్లకి ఇనుప మేకులుంటాయి, నార్వే ఉత్తరాన ఏప్రిల్ చివరి దాకా వాటికి అనుమతి. మంచు తక్కువున్న చోట తారు మీద పప్పు వేయిస్తున్నట్టు చిటపటలాడతాయి. రోడ్డుకి రెండు పక్కలా మనిషికన్నా ఎత్తు కర్రలు పాతి ఉంటాయి. మంచు కప్పేశాక రోడ్డు ఎక్కడుందో వాటిని బట్టే తెలియాలి. ఎక్కడైనా స్తంభానికి నల్ల ప్లాస్టిక్ సంచి వేలాడుతుంటే ముందు రెయిన్‌డీర్ల మంద ఉందని గుర్తు. మొదటి సంచిని చెత్త అనుకున్నాను. మలుపు తిరిగేసరికి పదకొండు రెయిన్‌డీర్లు రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాయి. హారన్ కొట్టినా కదల్లేదు. ఎనిమిది నిమిషాలు వాటి ముఖాలు చూస్తూ ఉన్నాం.

సరిహద్దులో ఎవరూ ఆపలేదు. గడియారం మాత్రం గంట ముందుకి దూకింది. అక్కడికి కాస్త దూరంలోనే నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ మూడూ కలుస్తాయి. నా ఫోన్ నార్వే టవర్‌ని, ఆయన ఫోన్ ఫిన్లాండ్ టవర్‌ని పట్టుకుని ఒకటి పది, ఒకటి పదకొండు అన్నాయి. ఎవరి టైముకి భోంచేయాలన్న దాని మీద చిన్న గొడవ కూడా అయింది.

రాత్రి మైనస్ 22. గడ్డకట్టిన సరస్సు పక్కన, సానా కొండ కనిపించేలా కారు ఆపాను. అప్పటికే ముగ్గురు ట్రైపాడ్లు పెట్టుకుని ఉన్నారు. మేం దిగామో లేదో ఒకాయన గట్టిగా అరిచాడు. లైట్లట. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ఆ కారు లైట్లు ఆరవు. ఏ బటన్ నొక్కినా ఆరలేదు. ఇంజిన్ ఆపితే ఆరతాయి, కానీ హీటర్ పోతుంది. తలుపు తీస్తే లోపలి దీపం వెలిగి మళ్ళీ అరుపు. అద్దెకిచ్చినవాళ్ళు మంచు గీకే చెక్క ఎక్కడుందో చూపించారు గానీ ఈ ముక్క చెప్పలేదు. చివరికి ఇంజిన్ ఆపేసి బయటే నిలబడ్డాం. కెమెరా బ్యాటరీలు నా లోపలి చొక్కా జేబులో, ఒంటికి ఆనించి. బయట పెడితే చలికి గంటలో చచ్చిపోతాయి.

గంటన్నర ఏమీ లేదు. చుక్కలు తప్ప. అంత ఉత్తరాన ధ్రువ నక్షత్రం దాదాపు నడినెత్తికి వచ్చేస్తుంది, 69 డిగ్రీల ఎత్తు. దాన్ని చూడాలంటే మెడ విరిగేలా వెనక్కి వాల్చాలి. ఆ పక్కనే సప్తర్షులు. తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు. దాని పక్కన, సూది మొనంత, చిన్నది.

"అదుగో అరుంధతి. కనిపిస్తోందా?" అన్నాను.

"ఆఁ, కనిపిస్తోంది" అన్నారు. నేను తిరిగి చూశాను. ఆయన ఊపిరికి కళ్ళద్దాలు రెండూ తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి. ఆ అద్దాల్లోంచి చంద్రుడు కూడా కనిపించడు.

అప్పటికి ఉత్తరాన ఒక విల్లు లేచింది. మొదటి రాత్రి చూసిన బూడిద చారే, కాకపోతే ఈ చివర నుంచి ఆ చివరి దాకా. కదలదు, మారదు. ముప్పావుగంట అలాగే ఉంది. పక్కనున్నవాళ్ళలో ఇద్దరు సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయారు. పాపం. సూర్యుడి నుంచి వచ్చే గాలి నేరుగా వచ్చి ధ్రువాల మీద పడదు. భూమి అయస్కాంత క్షేత్రాన్ని రాత్రి వైపుకి పొడుగ్గా తోకలా లాగుతుంది. ఆ తోకలో ఒత్తిడి పెరిగి పెరిగి, ఒక్కసారి తెగినట్టై, ఎలక్ట్రాన్లు వెనక నుంచి మన వైపు ఎగదన్నుకొస్తాయి. కదలని ఆ విల్లు సరంజామా పోగవుతున్న సమయం. ఆ సమయంలో ఇంటికి పోకూడదు.

వాళ్ళ కారు వెనక దీపాలు మలుపు తిరిగి మాయమైన పావుగంటకి విల్లు కింది అంచు గులాబీ రంగుకి తిరిగింది. తర్వాత ఆ అంచు పరుగెత్తింది. నాకు ఇంకో మాట దొరకడం లేదు. తూర్పు నుంచి పడమరకి, గాలికి పరదా ఊగినట్టు మడతలు పడుతూ పరుగెత్తింది. ఈసారి ఫోన్ అక్కర్లేకుండానే పచ్చగా, స్పష్టంగా ఉంది. మంచు కూడా పచ్చబడింది. మావారి కళ్ళద్దాలు చొక్కాతో తుడిచి నేనే పెట్టాను.

ఆయన ఈల వేయబోయారు. ఆనందమొస్తే ఈల వేయడం ఆయన అలవాటు. చేత్తో నోరు మూశాను. అరోరాని చూసి ఈల వేయకూడదని అక్కడి సామీ ప్రజల నమ్మకం, అది కిందికి దిగొచ్చి ఎత్తుకుపోతుందట. నాకు నమ్మకం లేదు, అయినా ఎందుకొచ్చిన గొడవ. అరోరాకి సామీ పేరు గువ్‌సహస్, 'వినిపించే వెలుగు' అని దానికి అర్థం చెబుతారు. ఫిన్లాండ్‌వాళ్ళు నక్క మంటలంటారు. శబ్దం నిజమేనని ఉంటో లైనే అనే ఫిన్లాండ్ ప్రొఫెసర్ రికార్డు చేశారు, నేలకి 70 మీటర్ల ఎత్తులో పుట్టే చిటపటలని తేల్చారు. మాకైతే ఏమీ వినిపించలేదు. ఆయన పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు తప్ప.

మర్నాడు స్వీడన్‌లోకి, కరేసువాన్తో మీదుగా కిరునా దాకా దాదాపు 300 కిలోమీటర్లు. దారంతా పొట్టి బర్చ్ చెట్లు, మంచు, మళ్ళీ బర్చ్ చెట్లు. ఆ దారి గురించి చెప్పడానికి ఇంకేం లేదు. కిరునాలో గంటసేపు ఆగాం. ఇనుప ఖనిజం కోసం కింద తవ్వుతుంటే పైన ఊరు కుంగుతోందని ఊరినే జరుపుతున్నారు. 1912 నాటి ఎర్రటి చెక్క చర్చి మేం వెళ్ళినప్పుడు పాత చోటే ఉంది. ఆ ఏడాది ఆగస్టులో ఆ 672 టన్నుల చర్చిని ఊడదీయకుండా అలాగే చక్రాల మీద 5 కిలోమీటర్లు తీసుకెళ్ళారు. వార్త చూసి మావారు, "నువ్వా సొరంగంలో తిరిగినదానికన్నా తిన్నగా పోయింది" అన్నారు.

కిరునా నుంచి అబిస్కో వెళ్ళాం. స్వీడన్‌లోని ఆ చిన్న ఊరికి గొప్ప పేరుంది. చుట్టూ మబ్బులున్నా కొండల చాటున అక్కడొక నీలి కన్నం తెరుచుకునే ఉంటుందని. మేం వెళ్ళిన మొదటి రాత్రి ఆ కన్నం కూడా మూసుకుంది. మావారు ఆ రాత్రంతా బిర్క్‌లాండ్ కథ చెప్పారు. 1899లో ఆల్టా దగ్గర హల్డే కొండ మీద కూర్చుని చలిలో అరోరాని కొలిచిన నార్వే శాస్త్రవేత్త. గాలి తీసేసిన పెట్టెలో అయస్కాంతపు బంతిని పెట్టి, దాని ధ్రువాల చుట్టూ చిన్న అరోరా వెలిగించి చూపించాడు. ఆయన బొమ్మున్న పాత 200 క్రోనర్ల నోటు మావారి నోట్ల ఆల్బమ్‌లో ఉంది. కొత్త 200 నోటు మీద కాడ్ చేప వేశారని మావారి బాధ. చేప కూడా బాగానే ఉందన్నాను. అప్పటికి కేపీ మోజు పోయి కొత్త అంకె పట్టుకున్నారు, బీజెడ్. సూర్యుడి గాలితో వచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగితే మైనస్ చూపిస్తుంది, అప్పుడే ఆ గాలికి భూమి అయస్కాంత క్షేత్రం తలుపు తెరుస్తుంది. 15 లక్షల కిలోమీటర్ల అవతలున్న ఉపగ్రహం కొలిచి పంపిస్తే మనకి అరగంటో గంటో ముందు తెలుస్తుంది. ఇది నిజంగా పనికొచ్చే అంకె. ఆయనకి మాత్రం చెప్పలేదు.

చివరి రాత్రి అబిస్కో పక్కనే ఉన్న టోర్నెట్రస్క్ సరస్సు మంచు మీద నిలబడ్డాం. మైనస్ పన్నెండుంటే వెచ్చగా అనిపించింది. తొమ్మిదిన్నరకి బీజెడ్ మైనస్‌లోకి దిగింది, పదీ పదికి నడినెత్తి మీద అరోరా పువ్వు విచ్చినట్టు నాలుగు వైపులా తెరుచుకుంది. కాసేపు కెమెరా సంగతే మర్చిపోయాను. గుర్తొచ్చాక, ఇద్దరికీ కలిపి ఒక్క ఫోటో అయినా ఉండాలని ట్రైపాడ్ మీద టైమర్ పెట్టాను. "ఎనిమిది సెకన్లు. ఊపిరి కూడా తీయకండి" అని మూడుసార్లు చెప్పాను.

మూడో సెకనుకి ఆయన పైకి చేయి చూపించి "అదుగో, కనిపిస్తోందా?" అన్నారు.

ఆ ఫోటోలో నేను కర్రలా నిలబడి ఉన్నాను. ఆయనకి మూడు చేతులున్నాయి, ముఖం లేదు.