ఎకో నార్మల్‌గా ఉన్నా వీటీ వస్తే

వీటీ అంటే గుండె కింది గదుల (జఠరికల) నుంచి పుట్టే అతివేగపు దడ. ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్) బాగుందన్న ఒక్క మాటతో గుండె నిర్మాణం నిక్షేపంగా ఉందని తేల్చేయకూడదు. సార్కాయిడోసిస్‌లో (అవయవాల్లో వాపు గడ్డలు ఏర్పడే జబ్బు), ఏఆర్‌వీసీ (గుండె కండరం కొవ్వుగా, మచ్చగా మారే వంశపారంపర్య జబ్బు) తొలిదశలో కూడా ఎకో మామూలుగా కనిపించవచ్చు. పెద్దవాళ్లలో దడ లేనప్పుడు తీసిన ఈసీజీలో ఛాతీ లీడ్లు వీ1 నుంచి వీ3 దాకా టీ తరంగాలు తలకిందులుగా ఉన్నా, వీటీ ఒకటికి మించిన ఆకారాల్లో వస్తున్నా, కుటుంబంలో చిన్న వయసు హఠాన్మరణాలున్నా గాడోలినియంతో (మచ్చలను చూపే కాంట్రాస్ట్ మందు) గుండె ఎంఆర్ఐ తీయించాల్సిందే.

రోగి నిలకడగా ఉంటే, దడ ఆపకముందే 12 లీడ్ల ఈసీజీ తీయండి. మానిటర్ స్ట్రిప్ చాలదు. వీటీ ఎక్కడ పుడుతోందో చెప్పేది ఆ కాగితమే.

గుండె నిర్మాణంలో లోపమేమీ లేకుండా వచ్చే వీటీలో ఎక్కువగా కనిపించేది కుడి జఠరిక రక్తాన్ని బయటికి పంపే దారి, అంటే ఆర్‌వీఓటీ నుంచి వచ్చేది. ఎల్‌బీబీబీ (ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్) ఆకారం, 2, 3, ఏవీఎఫ్ లీడ్లలో ఎత్తైన ఆర్ తరంగాలు దాని గుర్తులు. ఛాతీ లీడ్లలో ట్రాన్సిషన్ (జఠరికల తరంగమైన క్యూఆర్‌ఎస్ కిందివైపు నుంచి పైవైపుకు మారే చోటు) వీ4లోనో ఆ తర్వాతో వస్తే మూలం కుడివైపు, వీ1, వీ2లోనే వస్తే ఎడమవైపు. వీ3 దగ్గరైతే ఏ వైపైనా కావచ్చు. ఇది చాలాసార్లు అడినోసిన్ ఇంజెక్షన్‌కు ఆగుతుంది: 6 మి.గ్రా. వేగంగా, ఆగకపోతే 12.

పొరపాట్లు ఎక్కువ జరిగేది ఫాసిక్యులర్ వీటీలో, అంటే ఎడమ జఠరికలోని విద్యుత్ మార్గాల (ఫాసికల్స్) నుంచి పుట్టేదానిలో. క్యూఆర్‌ఎస్ మరీ వెడల్పుగా ఉండదు, రోగి కూర్చుని మాట్లాడుతుంటాడు, దాంతో ఎస్‌వీటీ (జఠరికల పైనుంచి వచ్చే దడ) అనుకుంటారు. ఆర్‌బీబీబీతో (కుడి బండిల్ బ్రాంచ్ బ్లాక్ ఆకారం) పాటు ఎడమ యాక్సిస్ (విద్యుత్ దిశ ఎడమకు తిరగడం) ఉంటే దీన్ని అనుమానించాలి. పీ తరంగాలు క్యూఆర్‌ఎస్‌తో సంబంధం లేకుండా నడుస్తుంటే వీటీయే. సాధారణంగా దీనికి అడినోసిన్ పనిచేయదు, వెరాపమిల్ పనిచేస్తుంది. బీపీ చూసుకుంటూ 5 మి.గ్రా. కనీసం 2 నిమిషాల పాటు నెమ్మదిగా ఎక్కించాలి. అయితే వెడల్పు క్యూఆర్‌ఎస్ దడ ఏదో తెలియకుండా వెరాపమిల్ ఇవ్వడం ప్రాణాంతకం. అది పాత గుండెపోటు మచ్చ నుంచి వచ్చే వీటీ అయితే బీపీ కుప్పకూలుతుంది. బీపీ పడిపోయిన రోగికైతే మందుల కోసం ఆగకుండా సింక్రనైజ్డ్ (క్యూఆర్‌ఎస్‌తో సమయం కలిపిన) షాకే ఇవ్వాలి.

మళ్లీ మళ్లీ వచ్చి బాధపెడుతుంటే ఈ రెండింటికీ అబ్లేషన్‌నే (సన్నని గొట్టం ద్వారా దడ పుట్టే చోటును కాల్చేయడం) ముందుగా ఆలోచించాలి. ల్యాబ్‌లో తరచూ ఎదురయ్యే చిక్కు, మత్తు ఇవ్వగానే దడ మాయమవడం. అందుకే మత్తు వీలైనంత తక్కువగా ఇచ్చి, అవసరమైతే ఐసోప్రెనలిన్‌తో (గుండె వేగం పెంచే మందు) దడను రప్పిస్తారు. బృహద్ధమని కస్పుల్లో (కవాటపు రెక్కల దగ్గరి గుంటలు) కాల్చాల్సి వస్తే, ముందు యాంజియోగ్రామ్‌తో కరొనరీ (గుండెకు రక్తమిచ్చే నాళం) మొదలు ఎంత దూరంలో ఉందో చూడకుండా శక్తి ఇవ్వకూడదు.

ఈ రెండు రకాల్లో ఐసీడీ (శరీరంలో అమర్చే షాక్ యంత్రం) సాధారణంగా అవసరం లేదు. క్షణక్షణం ఆకారం మారే పాలీమార్ఫిక్ వీటీకి మాత్రం ఈ మాట వర్తించదు. అక్కడ లాంగ్ క్యూటీ, బ్రుగాడా, సీపీవీటీ అనే గుండె విద్యుత్ జబ్బుల కోసం వెతకాలి.