మూడో బౌన్స్

వంకరపోయిన ప్రొపెల్లర్ ఫోటో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది, డిలీట్ చెయ్యబుద్ధి కాలేదు.

పైలట్ ట్రైనింగ్‌లో అది నా మూడో సోలో, అంటే పక్కన సర్ లేకుండా ఒంటరిగా నడపడం. సెస్నా 152, రెండే సీట్లు, మనుషులూ పెట్రోలూ అన్నీ కలిపి 757 కిలోలు దాటకూడని బుల్లి విమానం. అందులోంచి 80 కిలోల సర్, అంటే నా ఇన్‌స్ట్రక్టర్, దిగిపోతే ఎంత తేడానో చూడండి. దిగేముందు చెప్పారు కూడా, "నేనుండను కదా, తేలుతుంది, స్పీడ్ చూస్కో" అని. బుర్ర ఊపా.

ఫైనల్‌లో, అంటే రన్‌వేకి సూటిగా దిగుతూ వచ్చే చివరి దారిలో, స్పీడ్ 60 నాట్స్ ఉండాలి, నేను 70తో వచ్చా. స్పీడ్ తగ్గితే స్టాల్ అవుద్దని, రెక్కలు మొయ్యలేక పడిపోద్దని మొదటి రోజు నుంచీ బెదిరించారు మరి, కాస్త ఎక్కువుంటే మంచిదేలే అనుకున్నా. తీరా నేల దగ్గర ముక్కు లేపి ఫ్లేర్ చేస్తే దిగదే! నేలకి రెండు మూడడుగుల ఎత్తులో అలా తేలుతూనే పోతోంది, ఇక రన్‌వే అయిపోద్దేమోనని కంగారొచ్చి యోక్ (స్టీరింగ్ లాంటి పిడి) ముందుకి తోసేశా. ముక్కు చక్రం ముందు తగిలి ఎగిరింది. మళ్ళీ తోశా, ఈసారి ఇంకా పైకి. అది లేస్తోందని నేను తోసేసరికి అదే కిందకొచ్చేస్తోంది, దిగుతోందని లాగేసరికి మళ్ళీ లేస్తోంది, ఇద్దరికీ ఒక్కసారి కూడా కుదర్లేదు. మూడో దెబ్బకి నోస్ గేర్ విరిగి, ప్రొపెల్లర్ రన్‌వేని గీరుకుంటూ ఆగింది.

ఇంతసేపూ నా కుడి చెయ్యి థ్రాటిల్ మీదే ఉంది. ఫుల్ పవర్ ఇచ్చి, ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి వంగే పలకలు) 20 డిగ్రీలకి తెచ్చి, గో అరౌండ్, అంటే దిగకుండా మళ్ళీ పైకి, వెళ్ళిపోతే అయిపోయేది. ముందురోజు బ్రీఫింగ్‌లో గడగడా అప్పజెప్పింది కూడా నేనే.

ఇంజిన్‌కి పెట్రోలు ఆగేలా మిక్స్చర్ కట్, కరెంటు మాస్టర్ స్విచ్ ఆఫ్, దిగి పరుగు. ఒంటి మీద గీత కూడా పడలేదు. ఫైర్ టెండరు, బ్రెత్ ఎనలైజరు, స్టేట్‌మెంట్లు, ఫ్లయింగ్ బంద్. ప్రొపెల్లర్ అలా తగిలితే అదొక్కటే మార్చి ఊరుకోరు, క్రాంక్ షాఫ్ట్ చీలిందేమోనని ఇంజినంతా విప్పి చూస్తారు. నాన్నకి ఫోన్ చేస్తే "నీకేం కాలేదుగా" అన్నారు, కాసేపాగి మెల్లగా "విమానం ఎంతుంటుంది?" అన్నారు.

మళ్ళీ ఎక్కిన రోజు సర్ గంటసేపు ఒక్క ల్యాండింగూ చెయ్యనివ్వలేదు. నేల దగ్గరికి తేవడం, "గో అరౌండ్" అనడం, అంతే. చివర్లో ఆయన అనకముందే థ్రాటిల్ తోసేశా.

"అది బానే దిగేదిగా, ఎందుకూ?" అన్నారు.