నయాగరా నుంచి వస్తూ చూసిన ప్రమాణ స్వీకారపు ఇల్లు

న్యూజెర్సీ నుంచి నయాగరాకు వచ్చే మన తెలుగువాళ్లలో చాలామందికి బఫెలో అంటే దారిలో కనిపించే బోర్డు మాత్రమే. మేమూ జలపాతం చూశాం, పడవ ఎక్కాం, కారు నిలిపినందుకే ప్రాణం ఉసూరుమనేంత డబ్బు కట్టాం; అవన్నీ అందరికీ తెలిసినవే కనుక వదిలేస్తున్నాను. నేను రాయదలచుకున్నది బఫెలోలో డెలావేర్ ఎవెన్యూలోని 641 నంబరు ఇంటి గురించి. 1901 సెప్టెంబరు 14న థియొడార్ రూజ్‌వెల్ట్ అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసింది, ఆయన మిత్రుడు ఆన్స్‌లీ విల్‌కాక్స్ నివసించిన ఈ ఇంట్లోనే.

ప్రమాణ స్వీకారమంటే వాషింగ్టన్‌లో కాపిటల్ భవనం, దాని ముందు జనసముద్రం అనుకునే నాకు, గైడు చూపించిన పుస్తకాల గది నమ్మశక్యంగా అనిపించలేదు. పెళ్లిచూపులకు రెండు కుటుంబాలు కూర్చుంటే నిండిపోయే గది అది. అందులో సుమారు 50 మంది కిక్కిరిసి నిలబడగా, న్యాయమూర్తి జాన్ హేజెల్ ప్రమాణం చేయించారు. బైబిలు లేదు, 42 ఏళ్ల రూజ్‌వెల్ట్ కుడిచేయి పైకెత్తి ప్రమాణం చేశారు. ఒంటి మీది కోటు కూడా అరువుదే. ఆ ఘట్టానికి ఒక్క ఫొటో కూడా లేదు.

అంతకు వారం ముందు, సెప్టెంబరు 6 ఉదయం, అధ్యక్షుడు మెకిన్లీ కూడా మాలాగే నయాగరా చూసి బఫెలోకు తిరిగివచ్చారు. ఆ సాయంత్రం ఇక్కడ జరుగుతున్న పాన్ అమెరికన్ ఎక్స్‌పొజిషన్ అనే పెద్ద ప్రదర్శనలో, చేతిరుమాలులో రివాల్వరు దాచుకుని వరుసలో వచ్చిన లియాన్ చోల్గోష్ ఆయనను కాల్చాడు. నన్ను అన్నింటికంటే బాధపెట్టింది తరువాతి సంగతి: నయాగరా నీటితో పుట్టిన కరెంటుతో ఆ ప్రదర్శన అంతా వెలిగిపోతుంటే, అక్కడి చిన్న ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు వెలుతురు చాలక, వైద్యులు అద్దంతో సాయంకాలపు ఎండను గాయం మీదికి మళ్లించుకోవలసి వచ్చింది.

మెకిన్లీ కోలుకుంటున్నారని చెప్పడంతో ఉపాధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అడిరాండాక్ కొండలకు వెళ్లిపోయారు. పరిస్థితి విషమించిందన్న కబురు అడవిలో ఉన్న ఆయనకు చేరాక, చీకట్లో, బురద దారిలో, గుర్రాలను మారుస్తూ బండి మీద రాత్రంతా ప్రయాణించి నార్త్ క్రీక్ రైల్వే స్టేషనుకు చేరారు. అప్పటికే, తెల్లవారుజామున 2.15కు, మెకిన్లీ కన్నుమూశారు. కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేసింది మధ్యాహ్నం మూడు దాటాక.

ఆ మధ్య గంటల గురించి గైడు చెబుతున్నప్పుడు నాకు 2009 సెప్టెంబరు గుర్తొచ్చింది. నల్లమలలో రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టరు ఆచూకీ తెలియని ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ టీవీ ముందు నుంచి లేవలేదు. మర్నాడు రోశయ్య గారు ప్రమాణం చేస్తుంటే, ఆయన మాటలు వినడం కంటే ముఖాన్నే చూస్తూ కూర్చున్నాం. 1901లో ఈ ఊరి జనానికి టీవీ కూడా లేదు. అందుకే ఆ గదిలో రూజ్‌వెల్ట్ మొదట చెప్పిన మాట నాకు ఎంతో గొప్పగా తోచింది: మెకిన్లీ విధానాలనే ఏ మార్పూ లేకుండా కొనసాగిస్తానన్నారు, మంత్రులందరినీ పదవుల్లో ఉండమని కోరారు. కొత్త అధ్యక్షుడు తన మంత్రులతో తొలిసారి సమావేశమైందీ అరువు కోటుతో ఈ ఇంట్లోనే.