అమ్మ మోకాళ్ళూ, ఇరవై మెట్ల లెక్కా

వైజాగ్ పెదవాల్తేరులో మా ఇంటి మీద పై పోర్షన్ వేస్తున్నాం, నెల రోజులుగా నా బుర్ర నిండా మెట్లే. మేస్త్రి గారు పదహారు మెట్లు చాలమ్మా అన్నారు, పదడుగుల ఎత్తు అంటే 120 అంగుళాలు, ఒక్కో మెట్టు ఏడున్నర. నేనూ సరే అనేశా. మా పిన్ని కూతురు ఆర్కిటెక్ట్, తను ప్లాన్ చూసి, "అక్కా, పెద్దమ్మ మోకాళ్ళకి ఏడున్నర కష్టం, ఆరు పెడదాం" అంది.

ఆరు పెడితే ఇరవై మెట్లు. అక్కడే అసలు లెక్క మొదలైంది. మెట్టు ఎత్తుని రెండింతలు చేసి, దానికి పాదం పెట్టే వెడల్పు కలిపితే 24, 25 అంగుళాలు రావాలట, మనిషి మామూలుగా వేసే అంగ అంతే కాబట్టి. 17వ శతాబ్దంలో ఫ్రాన్సులో బ్లోండెల్ అనే ఆర్కిటెక్ట్ చెప్పిన సూత్రం ఇది, ఇప్పటికీ అదే వాడుతున్నారు. ఎత్తు ఆరైతే వెడల్పు పన్నెండు. ఇరవయ్యో అడుగు నేరుగా స్లాబ్ మీదే పడుతుంది కాబట్టి పందొమ్మిది మెట్లకి వెడల్పు చాలు, అంటే 19 అడుగుల పొడవు, మాకు అంత జాగా ఎక్కడుంది? అందుకని చెల్లి మధ్యలో ల్యాండింగ్ పెట్టి వెనక్కి తిప్పింది, ఒక మెట్టు ఆ ల్యాండింగే అయిపోతుంది కాబట్టి ఇటు తొమ్మిది అడుగులు, అటు తొమ్మిది. అమ్మ నిలబడి ఊపిరి తీసుకోడానికి చోటూ దొరికింది.

ఇంకోటి నాకు బాగా తగిలింది. డాబా మీదకి వెళ్ళే మా పాత మెట్లలో చివరిది మాత్రం ఒకటిన్నర అంగుళాలు ఎత్తెక్కువ, మెట్లు కట్టాక పైన గచ్చు వేయడం వల్ల. అమ్మ అక్కడే రెండుసార్లు తూలింది, మేమేమో చూసుకుని ఎక్కమ్మా అని ఆవిడనే అనేవాళ్ళం. కింద మూడు నాలుగు మెట్లు ఎక్కేసరికి కాలు ఆ ఎత్తుకి అలవాటు పడిపోతుందట, తర్వాత ఒక్కటి తేడా వచ్చినా తన్నుకుంటుంది. అందుకే 120 అనేది కింద టైల్ పైనుంచి పైన టైల్ పైదాకా కొలవాలి, స్లాబ్ నుంచి స్లాబ్‌కి కాదు.

సముద్రం వైపు ఎనిమిదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు గ్లాస్ కావాలని నేనే పట్టుబట్టా. వైజాగ్‌కి డిజైన్‌లో తీసుకునే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, దాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి సుమారు 150 కేజీల బరువుతో గాలి నెట్టినట్టు, ఆ గ్లాస్ మొత్తం మీద ఆరేడు వందల కేజీలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను రోజు కిటికీ తలుపుకి మంచం అడ్డంపెట్టి నలుగురం నెట్టిపట్టుకున్నాం, అది గుర్తొచ్చి గ్లాస్‌ని మూడు ముక్కలు చేసి మధ్యలో గట్టి ఫ్రేములు పెట్టమన్నా.

ఇవాళ మెట్లకి సెంట్రింగ్ కొడుతున్నారు. టైల్ మందం కలిపి చెల్లి గోడ మీద గీతలు గీసిచ్చింది, కాంక్రీటు పడేలోపు టేపు పట్టుకుని ఇరవైకి ఇరవై నేనే కొలుస్తా.